పాదానిదా తప్పు, జోడుదా?

అంగట్లో జోడు కాలికి పట్టకపోతే మన దగ్గర నింద కాలి మీదికే వస్తుంది. "మీ అమ్మాయి పాదం వెడల్పండీ" అని దుకాణదారు చెప్పే తీరులో, "మీ అమ్మాయికి లెక్కల్లో మార్కులు తక్కువండీ" అనే ధ్వని వినిపిస్తుంది. మూడు దశాబ్దాల పైచిలుకు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి కనుక ఆ ధ్వనితో నాకు బాగానే పరిచయం. పాదం వెడల్పుగా ఉండటం లోపం కాదనీ, ఆ వెడల్పును కొలవకుండా జోళ్ళు అమ్మటమే లోపమనీ ఈ టపాలో నా వాదన.

ఈ మాట ఇప్పుడు ఎత్తుకోవటానికి కారణం మా మనవరాలు. నారాయణగూడలో డిగ్రీ చదువుతున్న ఈ పిల్ల రెండేళ్ళుగా ఆదివారం వస్తే చాలు బండలెక్కుతోంది. అందరూ రాక్ క్లైంబింగ్ అంటారు. నేను శిలారోహణం అంటే, "తాతయ్యా, అలా అంటే ఎవరో తపస్సుకు బయలుదేరినట్టుంది" అని నవ్వుతుంది. ఆ విద్యకు ప్రత్యేకమైన జోళ్ళుంటాయి. ఇన్నాళ్ళూ సాధన కేంద్రంలో అద్దెకిచ్చే జోళ్ళతో నెట్టుకొచ్చింది. సొంతానికి ఒక జత కొందామని బయలుదేరాక అసలు కథ మొదలైంది.

మిత్రులలో చాలామంది ఈ జోళ్ళను చూసి ఉండరు కనుక రెండు మాటలు చెబుతాను. మామూలు బూటులో వేళ్ళ ముందు కొంచెం ఖాళీ ఉండాలి. వీటిలో ఖాళీ ఉండకూడదు. అడుగున నున్నటి, జిగురుగుణం గల రబ్బరు ఉంటుంది. మడమ వెనుక బిగుతైన రబ్బరు పట్టీ ఒకటి పాదాన్ని ముందుకు నెడుతుంది. ఆ నెట్టుడుతో బలమంతా బొటనవేలి కొసకు చేరుతుంది. బండ మీద బియ్యపుగింజంత అంచు దొరికినా దాని మీద ఆ కొసను ఆనించి శరీరమంతటినీ పైకెత్తుకోవాలి. జోడు లోపల పాదం ఏమాత్రం కదిలినా అంచు జారిపోతుంది. అందుచేత బిగుతు అవసరం. అయితే బిగుతు వేరు, నొక్కుడు వేరు. పాదమంతటినీ సమానంగా పట్టుకోవటం బిగుతు. ఎముకను ఒక్కచోట పట్టి పీడించటం నొక్కుడు. మొదటిది పనిముట్టు లక్షణం, రెండవది కొలత తప్పిన లక్షణం.

మా ఇంటి పాదాలు తరతరాలుగా విసనకర్రలు: మడమ దగ్గర సన్నం, వేళ్ళ మొదళ్ళ దగ్గర విశాలం. మనవరాలి పాదాన్ని గోడకు ఆనించి, కాగితం మీద నిలబెట్టి, నేనే గీత గీశాను. పొడవు 238 మిల్లీమీటర్లు, వెడల్పు 101. పొడవు ప్రకారం ఆమెకు ఐరోపా లెక్కలో 38 సరిపోవాలి. 38 వేస్తే చిటికెనవేలు మొదలంటా ఎర్రబడుతుంది. 39 కూడా అంతే. 40కి వెళితే ముందుభాగం కుదురుకుంటుంది గాని, మడమ దగ్గర నా వేలు దూరేంత సందు మిగులుతుంది. ఆ లెక్కలో ఒక్కొక్క అంకెకూ సెంటీమీటరులో మూడింట రెండు వంతులు తేడా. అంటే వెడల్పు కోసం రెండంకెలు పైకి వెళ్ళిన పిల్ల తనకు అక్కరలేని 13 మిల్లీమీటర్ల పొడవును కూడా కొనుక్కుంటున్నదన్నమాట. నేల మీద నడవటానికైతే లోపల దూది కుక్కుకుని సర్దుకోవచ్చు. బండ మీద ఆ 13 మిల్లీమీటర్లు కాలు జారటానికి చాలు.

చిక్కడపల్లి, నారాయణగూడ వీధుల్లో బడిపిల్లల బూట్లకూ, పెళ్ళిచెప్పులకూ కొదవలేదు. శిలారోహణపు జోళ్ళు మాత్రం ఇక్కడ దొరకవు. ఊరి అవతల ఆటవస్తువులు అమ్మే పెద్ద అంగళ్ళకు వెళ్ళాం. అంతర్జాలంలో తెప్పించి, వేసి చూసి, తిప్పి పంపాం. ఎక్కడికి వెళ్ళినా పెట్టె మీద ఒక్కటే అంకె. వెడల్పు సంగతి అడిగితే "వాడితే సాగుతాయి సార్" అన్నారు. ఇందులో నిజం కొంతే. లోపల అస్తరు లేని తోలు జోడు నిజంగానే సాగుతుంది. కృత్రిమ పదార్థంతో చేసినది పెద్దగా సాగదు. ఆ తేడా చెప్పకుండా "సాగుతాయి" అనటం, సమాసం పేరు చెప్పకుండా విగ్రహవాక్యం రాసుకోమన్నట్టుంటుంది.

అసలు ఆ ఒక్క అంకె ఎక్కడిది? బ్రిటిషు లెక్కలో అంకెకూ అంకెకూ మధ్య తేడా అంగుళంలో మూడవ వంతు. పూర్వం వాళ్ళు బార్లీగింజ పొడవును కొలతగా పెట్టుకున్నారు, ఆ గింజే ఇప్పటికీ మన పెట్టెల మీద కూర్చుంది. ఐరోపా లెక్క కూడా పొడవు లెక్కే. పాదానికి వెడల్పు ఉంటుందన్న సంగతి వాళ్ళకు తెలియక కాదు. అమెరికాలో చార్లెస్ బ్రానక్ అనే ఆయన 1920లలోనే పొడవునూ, వెడల్పునూ, మడమ నుంచి బొటనవేలి మొదలుదాకా ఉన్న దూరాన్నీ ఒకేసారి చూపే కొలతపలక తయారుచేశాడు. అక్కడ వెడల్పుకు అక్షరాల గుర్తులున్నాయి. మోండోపాయింట్ అనే అంతర్జాతీయ పద్ధతిలో పొడవూ వెడల్పూ రెండూ మిల్లీమీటర్లలోనే చెప్పవచ్చు. విద్య ఉంది, పనిముట్టు ఉంది. మన దాకా వచ్చేసరికి సగం అంకె మాత్రమే ఓడ దిగింది.

తెలుగు పండితుణ్ణి కనుక నాకు తెలిసిన పాదంతో పోల్చి చెబుతాను. చంపకమాల పాదానికి 21 అక్షరాలు, ఉత్పలమాల పాదానికి 20. రెండూ అక్కచెల్లెళ్ళే. చదివే నడకలో మొదటి అడుగు తప్ప తక్కినదంతా ఒకటే. అయినా చంపకమాల పాదాన్ని తెచ్చి ఉత్పలమాలలో కూర్చోబెడితే గణభంగమవుతుంది. అప్పుడు విద్యార్థిని మందలిస్తాం గాని, "పాదం కొంచెం లావుగా ఉంది, నాలుగు రోజులు చదివితే సర్దుకుంటుంది" అని ఏ గురువూ అనడు. పద్యపాదానికి ఇచ్చిన ఆ మాత్రపు గౌరవం మనిషి పాదానికి ఇవ్వమంటున్నాను.

ఇక మన పాదాలు వెడల్పని ఎవరన్నా అంటే అది వట్టి మాట కాదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థవారు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల 1,01,880 మంది పాదాలను యంత్రాలతో అన్ని కోణాల నుంచీ కొలిచారు. భారతీయుల పాదాలు ఐరోపా, అమెరికా వాళ్ళ పాదాల కంటే వెడల్పని ఆ సర్వేలో తేలింది. ఇరుకు జోళ్ళతో అవస్థ పడలేక మనవాళ్ళు అవసరానికి మించిన పొడవు జోళ్ళు కొనుక్కుంటున్నారని కూడా గమనించారు. మా మనవరాలు 38 బదులు 40 వేసి చూసింది అందుకే. ఈ కొలతల ఆధారంగా 'భ' అనే పేరుతో మనదైన పద్ధతిని ప్రతిపాదించారు. భారత్‌లోని మొదటి అక్షరమే ఆ పేరు. పసిపిల్లల నుంచి పెద్దవాళ్ళ దాకా వయస్సును బట్టి, స్త్రీ పురుష భేదాన్ని బట్టి అందులో 8 తరగతులు.

పాదం వెడల్పు కావటానికి వంశం ఒక కారణం, బాల్యం ఇంకొక కారణం. 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో బెల్జియం పరిశోధకులు మన దక్షిణాదిలో చిన్ననాటి నుంచీ వట్టికాళ్ళతో నడిచినవారి పాదాలను, జోళ్ళు తొడిగేవారి పాదాలతో పోల్చి చూశారు. వట్టికాళ్ళవారి పాదం ముందుభాగం విశాలంగా ఉన్నదనీ, నడకలో బరువు పాదమంతటా చక్కగా పంచుకుంటున్నదనీ చెప్పారు. అంతకుముందు 1992లో మన దేశపు వైద్యులిద్దరు 2300 మంది పిల్లల పాదాలను పరీక్షించి ప్రచురించిన ఫలితం ఇంకా గమనించదగ్గది. జోళ్ళు తొడిగే పిల్లల్లో చదునుపాదం నూటికి 8.6 మందికి ఉంటే, తొడగని పిల్లల్లో 2.8 మందికే ఉంది. అంటే మన విశాలపాదం వికృతి కాదు. తన పని తాను చేసుకుంటూ పెరిగిన పాదం అది.

ఇది ఒక మనవరాలి ముచ్చట అయితే ఇంత రాయనక్కరలేదు. మన ఊరు కూర్చున్నదే బండల మీద. ఈ నల్లసేనపు రాళ్ళ వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. వాటిని పగలగొట్టి మేడలు కడుతుంటే చూడలేక 1996లో శిలల పరిరక్షణకు ఒక సంఘమే ఏర్పడింది. సుమారు 50 కిలోమీటర్ల దూరంలో భువనగిరి ఉంది. ఒకే బండ మీద కోట. ఆ బండ మీద ఎక్కటం నేర్చుకున్న నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్ళు నిండలేదు. తోడు వెళ్ళిన ఆనంద్ కుమార్ ఖమ్మం జిల్లావాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు, కూలినాలి చేసుకునే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ వెనుక రాబోయే పిల్లలు కూడా అటువంటి ఇళ్ళ నుంచే, చేలగట్ల మీద వట్టికాళ్ళతో తిరిగిన బాల్యం నుంచే వస్తారు. అటువంటి పిల్ల మొదటిరోజు శిక్షణకు వెళ్ళి, ఇచ్చిన జోడు పట్టక, "ఈ విద్య నా కాలికి రాసిపెట్టి లేదు" అనుకుని తిరిగివస్తే ఆ నష్టం ఎవరి లెక్కలోకి వస్తుంది?

అశోక్‌నగర్ సందుల్లో పొద్దున్నే ఒకసారి నడిచి చూడండి. జిల్లాల నుంచి వచ్చి, నగర కేంద్ర గ్రంథాలయం చుట్టుపక్కల గదులు తీసుకుని ఉద్యోగపరీక్షలకు చదువుకునే పిల్లలు వందల్లో కనిపిస్తారు. పోలీసు ఉద్యోగానికి సిద్ధమయ్యేవాళ్ళు తెల్లవారుజామున పరుగు సాధన చేస్తారు. 2022 నాటి ప్రకటనలో మగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800 మీటర్ల పరుగు పెట్టారు. పార్కు బల్ల మీద కూర్చుని బూటు విప్పి చిటికెనవేలి బొబ్బకు పట్టీ వేసుకుంటున్న కుర్రవాణ్ణి పలకరిస్తే, "ఏంలేదు సార్, కొత్త షూ కదా, కరుస్తుంది" అన్నాడు. కొని ఎన్నాళ్ళయిందని అడిగాను. నాలుగు నెలలట. కొండ మీదైనా మైదానంలోనైనా జబ్బు ఒక్కటే. బండ మీద అది తొందరగా బయటపడుతుంది, అంతే తేడా.

నా వాదానికి వచ్చే ఆక్షేపణలు నాకు తెలియకపోలేదు.

ఆ జోళ్ళు నొప్పిపెట్టటం సహజమే, ఓర్చుకోవాలి అనేవాళ్ళున్నారు. ఓర్పు విద్యకు భూషణమే. కాని అన్ని నొప్పులూ విద్యలో భాగం కావు. వేళ్ళ కండరాలు అలసి నొప్పిపెట్టటం సాధన. బొటనవేలి మొదట్లో ఎముక ఉబ్బటం, గోరు నల్లబడటం హాని. బెత్తం దెబ్బ తింటేనే చదువు వస్తుందని ఒకప్పుడు మా వృత్తిలోనూ నమ్మినవాళ్ళుండేవారు. ఆ నమ్మకం పోయాక చదువు ఆగిపోలేదు.

వట్టికాళ్ళతోనే ఎక్కవచ్చు కదా అన్నది ఇంకొక మాట. ఎక్కిన మహానుభావులున్నారు. జర్మనీలో ఎల్బా నది ఒడ్డు ఇసుకరాతి శిఖరాల మీద బెర్న్డ్ ఆర్నోల్డ్ వట్టికాళ్ళతో ఎన్నో కఠినమైన దారులు వేశాడు. ఫ్రాన్సులో షార్ల్ అల్బేర్ ఈ కాలంలోనూ అలాగే ఎక్కి పేరు తెచ్చుకున్నాడు. పాదం ఎంత సమర్థమైన సాధనమో చెప్పటానికి వాళ్ళు చాలు. అయితే మన బండ ఇసుకరాయి కాదు. గరుకు పలుకులు తేలిన నల్లసేనం చర్మాన్ని గీరేస్తుంది. ఎండ ఎక్కిందంటే దాని మీద అరికాలు పెట్టలేం. పైగా, వట్టికాళ్ళు ఎంచుకోవటం వేరు, జోడు దొరకక వట్టికాళ్ళతో మిగలటం వేరు.

పెద్దలు మంచమున్నంతవరకే కాళ్ళు చాపుకోమన్నారు గదా, ఉన్నదానితో సర్దుకోవాలి అని ఒక మిత్రుడన్నాడు. మంచానికి ఆ సామెత చెల్లుతుంది, ఎందుకంటే కాళ్ళు ముడుచుకోవచ్చు. పాదం వెడల్పును ముడుచుకోవటం ఎవరి తరం?

అన్నిటికంటే బలమైన ఆక్షేపణ వ్యాపారులది. ఒక్కొక్క పొడవుకూ రెండు మూడు వెడల్పులు తయారుచేస్తే అచ్చులు పెరుగుతాయి, సరుకు పెరుగుతుంది, అమ్ముడుపోనిది అంగట్లో మిగులుతుంది. ఇది నిజమైన ఇబ్బందే. అయినా దారి లేకపోలేదు. దక్షిణ కొరియాకు చెందిన బుటోరా అనే సంస్థ ఒకే నమూనా శిలారోహణ జోడును వెడల్పు పాదాలకు ఒకటిగా, సన్నపాదాలకు ఒకటిగా చేసి అమ్మింది. చాలా సంస్థలు 'ఆడవారి' జోడని, 'మగవారి' జోడని రాసే తేడాలో ముఖ్యమైనది లోపలి చోటే. మగవారిదన్న జోడులో చోటు ఎక్కువ. అంటే రెండు వెడల్పులు ఇప్పటికే తయారవుతున్నాయి, పేరు మాత్రం తప్పు పెట్టారు. "ఇది మగపిల్లల జోడమ్మా" అని అంగడివాడు తీసి పక్కన పెట్టినదే మా పిల్ల కాలికి అన్నిటికంటే దగ్గరగా వచ్చింది.

నారాయణగూడలో చెట్టు కింద కూర్చునే ఒక ముసలి చర్మకారుడికి ఈ సంగతంతా చెప్పాను. ఆయన ముందుగా పెట్టె మీది అంకె అడగలేదు, "పాపను తీసుకురండి సార్, కాలు చూడాలె" అన్నాడు. సన్నని కాగితపు పట్టీని పాదం చుట్టూ వేళ్ళ మొదళ్ళ దగ్గర ఒకసారి, గుత్తి దగ్గర ఒకసారి, మడమ నుంచి గుత్తి మీదుగా ఒకసారి తిప్పి, ప్రతిచోటా చిన్న చింపు గుర్తు పెట్టుకున్నాడు. పొడవు చివర కొలిచాడు. ఆ రబ్బరు తన దగ్గర లేదని చెప్పి జోడు చెయ్యలేనన్నాడు గాని, ఆ కాగితపు పట్టీలో ఉన్న జ్ఞానం పెద్ద అంగళ్ళ అద్దాల అరల్లో నాకు కనిపించలేదు. ఒకప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్న జ్ఞానమే అది.

చివరకు మాకు సరిపడిన జత దొరికింది. అమెరికాలో ఉన్న మా మేనల్లుడికి ఆ కాగితపు కొలతలు పంపితే, వెడల్పు రకం చూసి, లేసులు కట్టేది, తోలుతో చేసినది కొని, సెలవులకు వస్తూ తెచ్చాడు. లేసులుంటే ముందుభాగం వదులుగా, మడమవైపు బిగుతుగా కట్టుకోవచ్చు. జత బాగుంది. పిల్ల సంతోషించింది, నేనూ సంతోషించాను. కాని పాకాల పిల్లకు, పార్కు బల్ల మీది కుర్రవాడికి అమెరికాలో మేనమామ కొడుకు ఉండడు.

కనుక నేను కోరేది పెద్ద విషయమేమీ కాదు. జోళ్ళమ్మే ప్రతి అంగట్లో పొడవుతో పాటు వెడల్పు చూపే కొలతపలక ఒకటి ఉండాలి. పెట్టె మీద రెండు అంకెలు అచ్చు వెయ్యాలి, వెడల్పు మిల్లీమీటర్లలో రాస్తే మరీ మంచిది. 'భ' పద్ధతి నూటికి 85 మందికి సరిపోతుందని పత్రికలు రాశాయి, మంచిదే. మిగిలిన 15 మంది కోసం ఆ పద్ధతిలో వెడల్పుకు ప్రత్యేకమైన గుర్తు ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ప్రభుత్వ బడి పిల్లలకు పుస్తకాలతో పాటు బూట్లు ఇవ్వటం మొదలైంది, గురుకులాల్లోనూ ఇస్తారు. ఇచ్చేచోట పాదం వెడల్పు కూడా రాసుకుంటే కొన్నేళ్ళలో మన పిల్లల పాదాల లెక్క తయారవుతుంది. పాదరక్షల రూపకల్పన నేర్పే కేంద్ర సంస్థ శాఖ మన రాయదుర్గంలోనే, బండల నడుమనే ఉంది. అక్కడి విద్యార్థులు మన పాదపు అచ్చు మీద ఒక శిలారోహణ జోడు తయారుచేస్తే, దాన్ని పరీక్షించటానికి బండ కోసం దూరం వెళ్ళనక్కరలేదు.

అంతవరకు మిత్రులు తమ పిల్లలకు ఏ జోడు కొన్నా, సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కాగితం మీద నిలబెట్టి గీత గీయండి. రెండు పాదాలకూ గీయండి, రెండూ ఒక్కలా ఉండవు. ఆ కాగితం పట్టుకుని అంగడికి వెళ్ళండి. జోడు అడుగును ఆ బొమ్మ మీద పెట్టి చూడండి. గీత బయటికి వస్తే, ఆ జోడును అరలో పెట్టించి ఇంకొకటి చూపించమనండి.